తుక్కు ధర, చేతి మజూరీ

(ఎస్.ఆర్. శంకరన్ స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం)

అక్టోబర్ 7 ఎస్.ఆర్. శంకరన్ గారి వర్ధంతి. 1934లో తమిళనాట పుట్టి, ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్ అధికారిగా తెలుగు నేలను తన నేల చేసుకున్న ఆయన 2010లో హైదరాబాదులోనే కన్నుమూశారు. ఆర్భాటానికి దూరంగా బతికిన మనిషి పేరుతో జరిగే సభలో పొగడ్తలు తగ్గించి, ఆయన జీవితమంతా వదలకుండా పట్టుకున్న ప్రశ్నను ముందుకు తేవడమే సముచితం. పని చేసిన మనిషికి దక్కవలసింది దక్కిందా అన్నదే ఆ ప్రశ్న. చెత్తలోంచి వస్తువులు తయారుచేసే సంస్థలను ఈనాడు దేశమంతా మెచ్చుకుంటోంది. ఆ ప్రశ్నను ఆ సంస్థల ముందు పెట్టడం ఈ ఉపన్యాసం ఉద్దేశం.

1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. అలాంటి చట్టాలు చాలాసార్లు గెజిట్‌లో అచ్చయి ఆగిపోతాయి. సాంఘిక సంక్షేమ శాఖ బాధ్యతల్లో ఉన్న శంకరన్ గారు ఈ చట్టాన్ని ఊళ్లలోకి తీసుకెళ్లారు. అప్పు పేరుతో దొర ఇంట, కాపు ఇంట తరాల తరబడి పనిచేస్తున్న జీతగాళ్లు చట్టం దృష్టిలో స్వేచ్ఛాజీవులని వాళ్లకే చెప్పమని అధికారులను పంపారు. ఆ పట్టుదల వల్ల పెద్దవాళ్లకు కంటగింపయ్యారు. తర్వాత త్రిపుర వెళ్లి అక్కడ ప్రధాన కార్యదర్శిగా పనిచేశారు. పదవీ విరమణ చేశాక పాకీపని నిర్మూలన కోసం బెజవాడ విల్సన్, ఆయన సహచరులు నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్‌కు పెద్దదిక్కయ్యారు. జీతగాడి దగ్గర మొదలై సఫాయి కార్మికురాలి దాకా సాగిన ఆ ప్రయాణంలో, నగర వీధుల్లో గోనెసంచి భుజాన వేసుకుని ప్లాస్టిక్ సీసాలు ఏరే స్త్రీ తర్వాతి మజిలీ.

ఆమెకు వర్తించే సూత్రం ఒకటి 1982లోనే సుప్రీంకోర్టు నుంచి వచ్చింది. ఢిల్లీలో ఆసియా క్రీడల కోసం స్టేడియాలు, ఫ్లైఓవర్లు కడుతున్న రోజులవి. కూలీలకు రావలసిన కనీస కూలి రోజుకు 9 రూపాయల 25 పైసలు. దాన్ని కాంట్రాక్టర్లు జమాదార్ల చేతికిచ్చేవారు, జమాదార్లు తలకు ఒక రూపాయి మినహాయించుకుని మిగతాది కూలీకి ఇచ్చేవారు. పీపుల్స్ యూనియన్ ఫర్ డెమొక్రటిక్ రైట్స్ వేసిన కేసులో జస్టిస్ పి.ఎన్. భగవతి తీర్పు చెబుతూ, కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయవలసి రావడం కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేనన్నారు. కొరడా పట్టుకుని ఎవరూ వెనక నిలబడనక్కర్లేదు, ఆకలి కూడా బలవంతమే అన్నది ఆ తీర్పు సారం. వెట్టికి ఎదురుతిరిగిన చరిత్ర ఉన్న తెలంగాణలో ఈ మాట అర్థం కావడానికి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు.

అయితే చెత్త ఏరే మనిషికి యజమాని లేడు. యజమాని లేడు కనుక జీతం లేదు. జీతం లేదు కనుక కనీస వేతన నిబంధన ఆమె గడప తొక్కదు. ఆమె చేస్తున్నది వ్యాపారం, దొరికినది అమ్ముకుంటోంది అని లెక్క రాసుకుంటే నగరానికి హాయి. నిజానికి ఆమె ఏరిన ప్రతి కిలో నగరపాలక సంస్థ మోయనక్కర్లేని, పూడ్చనక్కర్లేని కిలో. దేశంలో ఇలా బతికేవాళ్లు 15 లక్షల నుంచి 40 లక్షల దాకా ఉంటారని అంచనాలు. ఆ అంచనాల మధ్య ఉన్న దూరమే, వాళ్లను ఎవరూ సరిగా లెక్కపెట్టలేదని చెబుతుంది.

ఈ తూర్పు హైదరాబాదులో ఏమేమి పారేస్తామో చూస్తే, ఏరేవాళ్ల పని ఎంత విస్తారమో తెలుస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ అంటే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, జిరాక్స్ దుకాణాలు. పరీక్షల కాలం ముగిసేసరికి గోడౌన్లకు చేరే కాగితానికి అంతుండదు. గురువారం సాయిబాబా గుడి దగ్గర పూలదండలు, కొబ్బరిచిప్పలు. కొత్తపేట దారి పొడవునా బట్టల దుకాణాలు, వాటి అట్టపెట్టెలు, పాలిథిన్ కవర్లు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారం తరలేదాకా వరిగడ్డి, చెక్కపెట్టెలు, పాత పేపర్లు అక్కడ గుట్టలు పడేవి. ఎల్బీనగర్ చౌరస్తా విజయవాడ, సాగర్ రోడ్ల బస్సులు ఎక్కే చోటు కావడంతో నీళ్ల సీసాలకు కొదవ లేదు. ఇదంతా ఒకప్పుడు ఊరి అవతల, మహావీర్ హరిణ వనస్థలికి దగ్గరలో ఉన్న ఆటోనగర్ డంపింగ్ యార్డుకు పోయేది. తర్వాత నగరం చెత్తకు జవహర్‌నగర్ గమ్యమైంది. ఎల్బీనగర్, గడ్డిఅన్నారం, ఉప్పల్ వేర్వేరు మున్సిపాలిటీలుగా ఉండి 2007లో మహానగర పాలక సంస్థలో కలిశాయి. పరిపాలన మారింది, యార్డు మారింది. తెల్లవారకముందే లేచి ఏరేవాళ్ల బతుకు మాత్రం గల్లీ కబాడీ దుకాణం తూకం దగ్గరే నిలిచిపోయింది.

ఆ తూకం నుంచి పైకి వెళ్లే మెట్లు చాలా ఉన్నాయి. గల్లీ దుకాణం నుంచి పెద్ద గోడౌన్, అక్కడ రంగును బట్టి, రకాన్ని బట్టి వేరుచేయడం, మూతలు, లేబుళ్లు తీయడం, మోపులు కట్టడం, ఆపై ఫ్యాక్టరీలో ముక్కలు చేసి, కడిగి, కరిగించడం. ప్రతి మెట్టు మీద ధర పెరుగుతుంది. ధర పెరగడం తప్పు కాదు, అక్కడా శ్రమ ఉంది, పెట్టుబడి ఉంది. కాని అసలు మొదటి మెట్టు మీద ఉన్న మనిషికి పై ధర ఎంతో తెలియదు, తన కాటా సరిగా తూగిందో లేదో అడిగే ధైర్యం ఉండదు, చాలాసార్లు ఆ దుకాణదారుకే అప్పు పడి ఉంటుంది. అప్పు, దానికి కట్టుబడి ఒకే చోట సరుకు వేయడం. శంకరన్ గారు 1976లో ఊళ్లలో చూసినది ఇదే. అప్పటి పశువుల కొట్టం స్థానంలో ఇప్పుడు తుక్కు గోడౌన్ ఉంది.

పాతది కొత్తది చేసుకోవడం తెలుగువాళ్లకు ఎవరో వచ్చి నేర్పిన విద్య కాదు. పాత చీరలు బొంతలయ్యేవి. పూసలవాళ్లు పిన్నులు, పూసలు ఇచ్చి రాలిన జుట్టు పట్టుకెళ్లేవారు. కోరుట్లలో చేతి కాగితం తయారయ్యేది. నాటి నిజాం రాజ్యంలోనే, దౌలతాబాదు పక్కన కాగజీపురాలో పాత గుడ్డపేలికల నుంచి శతాబ్దాలపాటు కాగితం చేశారు. జుమేరాత్ బజార్‌లో ఇప్పటికీ పాత వస్తువు రెండో జన్మ ఎత్తుతుంది. వీటిలో బొంత కుట్టిన తల్లి చేతికి ఎన్నడూ కూలి లేదు. ఇంటి పని అన్నారు, సరిపోయింది. గతాన్ని తలచుకుని మురిసిపోయేటప్పుడు ఆ సంగతి దాచకూడదు.

ఒక్క వృత్తిలో మాత్రం లెక్క పద్ధతిగా ఉండేది. కంచరి దగ్గరకు పగిలిన బిందె పట్టుకెళితే, పాత ఇత్తడి బరువు ఒక లెక్క, కరిగించి పోసి కొట్టినందుకు మజూరీ మరో లెక్క. ఇవాళ దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట నగల దుకాణాల్లో కూడా రసీదు మీద బంగారం బరువు, తరుగు, మజూరీ వేరుగానే కనిపిస్తాయి. లోహం విలువ వేరు, చేతి విలువ వేరు అన్న ఇంగితం మన వ్యవహారంలో ఉంది. చెత్త నుంచి పుట్టిన వస్తువు దగ్గరికి వచ్చేసరికి ఆ ఇంగితం పోయింది. సంచి మీద ఎన్ని సీసాలతో చేశారో రాస్తారు, భూమికి ఎంత మేలు జరిగిందో రాస్తారు. ఆ సీసాలు ఏరిన చేతికి, కుట్టిన చేతికి ఎంత ముట్టిందో రాయరు. ఆ అంకె రాయని వస్తువును న్యాయమైన వస్తువు అనడానికి వీల్లేదన్నదే ఈ ఉపన్యాసం నిలబెట్టదలచిన మాట.

మన ముంగిట్లోనే ఉన్న ఉదాహరణ తీసుకుందాం. చాలాకాలం జీహెచ్‌ఎంసీ ఎల్బీనగర్ జోన్‌లో భాగంగా ఉన్న ఉప్పల్‌లో బాంబూ హౌస్ ఇండియా అనే సామాజిక వ్యాపార సంస్థ పని చాలామంది చూసే ఉంటారు. ప్రశాంత్ లింగం, అరుణ కప్పగంతుల దంపతులు దాన్ని నిలబెట్టారు. పర్యావరణానికి హాని చేయని సోఫా కోసం వెతుకుతూ 2006 ప్రాంతంలో వాళ్లు త్రిపురలో బంగ్లాదేశ్ సరిహద్దున ఉన్న కట్లామారా గ్రామానికి చేరారు, వెదురు పనివాళ్లను చూశారు, తిరిగొచ్చి ఆ వృత్తిని జీవనం చేసుకున్నారు. అప్పుల పాలయ్యారు, అయినా వదల్లేదు. శంకరన్ గారు ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన రాష్ట్రం నుంచే ఈ ఆలోచన ఉప్పల్ దాకా రావడం యాదృచ్ఛికమే, అయినా సంతోషం కలిగించే యాదృచ్ఛికం. వెదురు నుంచి వాళ్లు పాత టైర్ల కుర్చీలకు, ప్లాస్టిక్ సీసాల నిర్మాణాలకు వచ్చారు. ఉప్పల్ స్వరూప్‌నగర్ కాలనీలో సుమారు వెయ్యి సీసాలతో బస్ షెల్టర్ కట్టారు. 2020లో ఉప్పల్‌లోనే దాదాపు 800 చదరపు అడుగుల ఇంటిని, పారేసిన ప్లాస్టిక్‌తో చేసిన పలకలు, ఇటుకలు వాడి నిలబెట్టారు. చెత్తను కంటికి కనబడే ఇల్లుగా మార్చి చూపడం చిన్న సాహసం కాదు.

ఆ బస్ షెల్టర్ మీద ఒక చిన్న లెక్క వేయడం మాత్రం అవసరం. ఆ సంస్థను తప్పుపట్టడానికి కాదు, ఇలాంటి వస్తువుల అర్థశాస్త్రం తెలియడానికి. ఖాళీ లీటరు సీసా పాతిక గ్రాముల కన్నా పెద్దగా తూగదు. వెయ్యి సీసాలంటే పాతిక కిలోలు. పెద్ద సీసాలైనా నలభై, యాభై కిలోలు దాటవు. అంటే వెయ్యిసార్లు వంగి లేచిన నడుముకు దక్కేది పాతిక కిలోల తుక్కు ధర. షెల్టర్ విలువలో మిగతాదంతా ఇనుప చట్రానిది, వెల్డింగ్‌ది, ఆలోచనది. పత్రికల్లో పేరు సీసాలకు వస్తుంది, ఖర్చు ఇనుముకు పోతుంది, ఏరిన మనిషి ఎక్కడా కనిపించదు. కిలోకు ఒకటి రెండు రూపాయలు ఎక్కువ ఇచ్చినంత మాత్రాన ఈ తేడా పూడదు. ఏరడం, వేరుచేయడం, కడగడం, తయారుచేయడం అన్న నాలుగు పనుల్లోకీ ఆమెను తీసుకొచ్చి, రోజుకు ఇంత, నెలకు ఇంత అని జీతం కట్టినప్పుడే పూడుతుంది. బరువు మీద బతికే మనిషిని కాలం మీద బతికే మనిషిని చేయడం, అదీ అసలు మార్పు.

అటువైపు వెళ్లిన ప్రయత్నాలు మన దగ్గరే ఉన్నాయి. మాయా వివేక్, మినాల్ దాల్మియా 2019 ప్రాంతంలో మొదలుపెట్టిన హోలీవేస్ట్ గుళ్లలో పూజ అయ్యాక తీసేసిన పూలను సేకరించి, అగరొత్తులు, ఎరువు, సబ్బులు తయారుచేస్తుంది. నగర శివార్లలో గుండ్లపోచంపల్లిలో స్త్రీలు కూర్చుని రేకలు విడదీస్తారు, ఎండబెడతారు, పొడి చేస్తారు. పని చోటు ఉంది, నీడ ఉంది, చేసే పనికి పేరు ఉంది. వీధిలో ఏరే పనికీ, ఈ పనికీ మధ్య దూరం అక్కడే ఉంది. వారంవారం మన సాయిబాబా గుడి దగ్గర పోగుపడే దండలను చూసినవాళ్లకు ఇలాంటిది ఇక్కడ ఎందుకు ఉండకూడదనిపించడం సహజం.

కాని సంఘం లేకుండా న్యాయం నిలవదని పుణె అనుభవం నేర్పుతుంది. 1993లో బాబా ఆఢావ్ వంటి శ్రామిక నాయకుల అండతో అక్కడి చెత్త ఏరేవాళ్లు, పాత సామాన్లు కొనేవాళ్లు కాగద్ కాచ్ పత్రా కష్టకరీ పంచాయత్ పేరుతో యూనియన్ కట్టారు. వాళ్లలో ఎక్కువమంది దళిత స్త్రీలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ సహకారంతో 2001లో వెలువడిన అధ్యయనం ఒక్కొక్కరూ నెలకు 246 రూపాయల విలువైన శ్రమను నగరానికి ఉచితంగా ఇస్తున్నారని తేల్చింది. ఆ అంకె చేతికి వచ్చాక మాట్లాడే తీరే మారింది. అడుక్కోవడం పోయి, బకాయి వసూలు మొదలైంది. నగరపాలక సంస్థ వాళ్లకు ఆరోగ్య బీమా ప్రీమియం కట్టింది. 2008లో ఆ స్త్రీలే సభ్యులుగా స్వచ్ఛ్ సహకార సంఘం ఏర్పడి, నగరంతో ఒప్పందం చేసుకుని, ఇంటింటికీ వెళ్లి చెత్త తీసుకుని రుసుము తీసుకుంటోంది. పొడి చెత్త అమ్మిన డబ్బు వాళ్లదే. శానిటరీ ప్యాడ్లు విడిగా చుట్టి ఇవ్వడానికి పాత న్యూస్‌పేపర్లతో వాళ్లే సంచులు చేస్తారు. ఆ సంచి చెత్త నుంచి పుట్టిన వస్తువు. అంతకన్నా ముఖ్యం, తయారుచేసిన మనిషి చేతినీ కాపాడే వస్తువు. ఇంత పొందికైన తయారీ వస్తువు మరొకటి కనబడటం అరుదు.

మన నగరంలో 2015లో స్వచ్ఛ ఆటోలు వచ్చాయి. చెత్త సేకరించేవాళ్లనే రెండు వేల దాకా ఆటోలకు యజమానులను చేసి, ఇంటికి నెలకు 50 రూపాయలు, దానికి తోడు పొడి చెత్త అమ్మకం జీవనాధారంగా చూపారు. ఉద్దేశం మంచిదే. కాని యాభై రూపాయలు ఇవ్వడానికి బేరమాడే ఇళ్లు, ఆటో వాయిదా, డీజిల్, వెంట పనిచేసే భార్యాబిడ్డల శ్రమ కలిపి చూస్తే యజమాని అన్న హోదాకు అర్థం తగ్గిపోతుంది. మరోవైపు ఫోన్‌లో నొక్కితే ఇంటికొచ్చి తూకం వేసి గృహస్థుకే డబ్బిచ్చే కంపెనీలు వచ్చాయి. ఇంట్లో చెత్త వేరుచేసే అలవాటు పెంచుతున్నాయి కనుక వాటిని కాదనలేం. అయితే విలువైన సీసా, అట్ట ఇంట్లోనే అమ్ముడైపోతే వీధిలో ఏరే ఆమెకు మిగిలేది తడి చెత్త, పాల ప్యాకెట్లు. ఆ కంపెనీలు ఆమెనే ఉద్యోగిగా తీసుకుంటే తప్ప ఈ కొత్త సదుపాయానికి మూల్యం ఆమే చెల్లిస్తుంది. 2016 ఘనవ్యర్థాల నియమాలు చెత్త ఏరేవాళ్లను గుర్తించి, సేకరణ వ్యవస్థలో భాగం చేయమని స్థానిక సంస్థలను ఆదేశించాయి. ఆ వాక్యానికి ఇంకా పూర్తి ప్రాణం రాలేదు.

న్యాయంగా జీతమిస్తే వస్తువు ధర పెరుగుతుంది, ఎవరు కొంటారు అన్న అభ్యంతరం తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. ముడిచమురు ధర పడిపోయినప్పుడల్లా కొత్త ప్లాస్టిక్ చౌకవుతుంది, పాత ప్లాస్టిక్‌కు గిరాకీ పోతుంది. 2021 అక్టోబర్‌లో ప్లాస్టిక్ తుక్కు మీద జీఎస్టీ 5 నుంచి 18 శాతానికి పెరిగింది. రసీదు లేకుండా నడిచే గోడౌన్‌కు దాంతో పని లేదు. పీఎఫ్, ఈఎస్ఐ కడుతూ పుస్తకాలు సక్రమంగా రాసే సంస్థ మీదే భారం. నిజాయితీకి జరిమానా వేసి, తర్వాత నిజాయితీపరులు కనబడటం లేదని వాపోవడం న్యాయం కాదు.

విదేశీ కొనుగోలుదారు దయ మీద ఆధారపడటం కూడా గట్టి నేల కాదు. బ్రిటన్‌కు చెందిన బాడీ షాప్ 2019లో బెంగళూరు చెత్త ఏరేవాళ్లు సేకరించిన ప్లాస్టిక్‌ను న్యాయ వాణిజ్య ధరకు కొనడం మొదలుపెట్టింది. ప్లాస్టిక్స్ ఫర్ చేంజ్, హసిరు దళ అందులో పాలుపంచుకున్నాయి. తొలి ఏడాది లక్ష్యం 250 టన్నులు. స్థిరమైన ధర, నమ్మకమైన తూకం దొరికితే ఎంత మార్పు సాధ్యమో ఆ ప్రయోగం చూపింది. 2024 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో ఆ కంపెనీయే దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. లండన్‌లో లెక్కలు తప్పితే ఇక్కడి గుడిసెలో పొయ్యి ఆరే ప్రమాదం ఉండకూడదు. కొనేవాడు ఇక్కడే ఉండాలి.

ఇక్కడి అతిపెద్ద కొనుగోలుదారు ఎవరో వెతకనక్కర్లేదు. పార్కు బెంచీలు, ఫుట్‌పాత్ పలకలు, బస్ షెల్టర్లు, చెత్త డబ్బాలు, మొక్కల తొట్లు కొనేది నగరపాలక సంస్థే. ప్రజాధనంతో కొనే వస్తువులో కూలి దోపిడీ ఉండకూడదన్న నియమం కొత్తది కాదు. బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభ 1891లోనే ప్రభుత్వ కాంట్రాక్టుల్లో న్యాయమైన కూలి ఇవ్వాలని తీర్మానించింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1949లో 94వ ఒప్పందంగా దాన్ని ప్రపంచానికి చెప్పింది. మన దేశం 1948లో కనీస వేతన చట్టం చేసుకుని, అదే ఏడాది వేసిన న్యాయ వేతనాల కమిటీ ద్వారా కనీస వేతనం, న్యాయ వేతనం, జీవన వేతనం అని మూడు మెట్లు గుర్తించింది. రాజ్యాంగం 43వ అధికరణం పై మెట్టును గమ్యంగా పెట్టింది. ముక్కలన్నీ మన చేతిలోనే ఉన్నాయి. టెండర్ పత్రంలో వాటిని కలిపి రాయడం ఒక్కటే మిగిలింది.

అందుకని ఈ సభ ముందు ఉంచే విన్నపం స్పష్టమైనది. తిరిగి వాడిన ప్లాస్టిక్, కాగితం, బట్టతో చేసిన వస్తువులు నగరం కొనేటప్పుడు, తక్కువ ధర ఒక్కటే గీటురాయి కాకూడదు. ముడిసరుకు ఎవరి దగ్గర, ఎంత ధరకు కొన్నారు, పనివాళ్లకు నెలకు ఎంత జీతం ఇచ్చారు, పీఎఫ్, ఈఎస్ఐ కట్టారా అన్నవి టెండర్‌లోనే రాసి చూపాలి. వస్తువు మీద మజూరీ వేరుగా అచ్చు వేయాలి. కాలనీ సంఘాలు తమ వీధుల్లో ఏరేవాళ్లకు గుర్తింపు కార్డులు ఇప్పించి, పొడి చెత్త వేరుచేసే పనిని, అందుకు తగిన చోటును వాళ్లకే అప్పగించాలి. ఇక్కడ కూర్చున్న సంఘాల ప్రతినిధులు ఈ షరతులతో వినతిపత్రం రాసి, అందరి సంతకాలతో ఎల్బీనగర్ జోనల్ కార్యాలయంలో ఇచ్చి, రసీదు తీసుకుని, జవాబు వచ్చేదాకా వెంటపడాలని కోరుతూ, శంకరన్ గారికి నివాళులర్పిస్తూ సెలవు.